రంగు పెన్సిలు పట్వారీలు

మా దిక్కు భూమికి ఉన్నన్ని పేర్లు మనుషులకు ఉండవు. కాలువో చెరువో పారితే తరి. వాన మీద ఆధారపడితే ఖుష్కి. తోట పెడితే బాగాయత్. ఈ ఏడాదికి దున్నకుండా విడిచిపెడితే పడావు, నాలుగేళ్ళు విడిచిపెడితే బీడు. ఊరి గొడ్లు మేసేది బంచరాయి, దాన్నే కొన్ని ఊళ్ళలో గైరాన్ అంటారు. చెరువు ఎండితే బయటపడే అడుగు శిఖం. తుమ్మ, మోదుగ, రేగు మొలిచింది కంచె. ఎవరి పట్టా కానిది పోరంబోకు, సర్కారు లెక్కలో పడ్డది ఖారిజ్ ఖాతా, అందులోంచి పేదవాడికి ముక్క కోసి ఇచ్చింది లావణి పట్టా. మొత్తం పన్నెండు పేర్లు. పట్వారీ ఎంత గడుసువాడైనా ఊరి భూముల లెక్క రాసే పహాణీలో వీటిలో ఏదో ఒకటి రాయక తప్పేది కాదు. పేరు చదివితే చాలు, ఆ భూమి ఏం పని చేస్తున్నదో, ఎవరి కోసం చేస్తున్నదో తెలిసిపోయేది.

1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను ఎత్తేసింది. ఊరు ఊపిరి పీల్చుకుంది. ఏం లాభం? కొన్నాళ్ళకు కొత్త పట్వారీ దిగాడు: పట్టణాలకు మాస్టర్ ప్లాన్ పటాలు గీసేవాడు. ఇతని చేతిలో కలం లేదు, రంగు పెన్సిలు ఉంది. ఇతనికి పన్నెండు పేర్లతో పని లేదు. ఒక్క మాట చాలు: 'అభివృద్ధి చెందని భూమి'. తరి అయినా, ఖుష్కి అయినా, మామిడి తోట అయినా, గొర్రెల మంద పడుకునే గుట్ట అయినా, అపార్టుమెంటు లేని చోటల్లా ఇతనికి ఖాళీ జాగానే. పాత పట్వారీ లంచం తిన్నా ఊరి తొవ్వ తెలిసినవాడు. కొత్త పట్వారీ నిజాయితీపరుడే కావచ్చు, కానీ ఇతనికి తెలిసింది ఉపగ్రహం తీసిన ఫోటో ఒక్కటే. ఆకాశం నుంచి చూస్తే అన్నం తినే మనిషి కూడా నల్లచుక్కే.

ఈ మధ్య ఈ పటాల శాస్త్రంలో మరో మెట్టు ఎక్కారు. ఒక పట్టణం ఒంటరిగా ప్రణాళిక వేసుకుంటే చాలదట. ఇరుగుపొరుగు పట్టణాలన్నీ ఒక బల్ల చుట్టూ కూర్చొని, మధ్యలో ఉన్న ఖాళీ జాగాల భవిష్యత్తును ఉమ్మడిగా నిర్ణయించాలట. వినడానికి ఎంత సొంపుగా ఉంది! ఉమ్మడి అంటే మనకు ఉమ్మడి కుటుంబం గుర్తొస్తుంది, పెద్ద గంజులో పప్పు గుర్తొస్తుంది. సరే, మన దగ్గరే ప్రయోగం చేసి చూద్దాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. మొదటి రెండూ 63వ నంబరు జాతీయ రహదారి మీద అక్కాచెల్లెళ్ళు, ఒకే జిల్లా. సిరిసిల్ల మానేరు ఒడ్డున వేరు కాపురం పెట్టిన బిడ్డ, వేరే జిల్లా. 2016 అక్టోబరు 11 దాకా అందరి ఇంటిపేరు కరీంనగరే.

ఈ ముగ్గురి ఉమ్మడి సమావేశాన్ని ఒక్కసారి ఊహించుకోండి. జగిత్యాల వారు చల్‌గల్ మార్కెట్ నుంచి బంగినపల్లి పెట్టెతో వస్తారు. కోరుట్ల వారు బీడీ కట్టలతో వస్తారు. సిరిసిల్ల వారు సన్మానానికి శాలువాలు తెస్తారు, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద నేసినవే. ముందు గంటసేపు వేదిక మీద ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలన్న భూవినియోగ ప్రణాళిక నడుస్తుంది. తర్వాత కన్సల్టెంటు తెర మీద పటం వేస్తాడు. మధ్యలో కథలాపూర్, మేడిపల్లి మండలాలు వస్తాయి. జిల్లా చూస్తే జగిత్యాల, అసెంబ్లీ నియోజకవర్గం చూస్తే వేములవాడ. 'ఈ ముక్క ఎవరి ఖాతాలో వేద్దాం?' అని ఒకరు అడుగుతారు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చివరికి ఉమ్మడి తీర్మానం ఏకగ్రీవం: 'అక్కడ పచ్చరంగు వెయ్యండి, తర్వాత చూద్దాం.'

ఆ పచ్చరంగు కింద ఎవరున్నారన్నది ఆ సమావేశంలో లేవని ప్రశ్న. ఎందుకంటే కింద ఉన్నవాడిని పిలవలేదు. పెళ్ళికొడుకు తప్ప అందరూ హాజరైన పెళ్ళి అది.

ఇది ఊహే. కానీ ఒక పట్టణంలో, పేరు చెప్పను, నేను కళ్ళారా చూసింది ఒకటి చెబుతాను. ముసాయిదా మాస్టర్ ప్లాన్ పటం గోడకు వేలాడుతున్నది. దాని మీద సెంటీమీటరు అంటే నేల మీద 250 మీటర్లు. లెక్క కట్టుకోండి, చదరపు సెంటీమీటరుకు పదిహేను ఎకరాల పైమాటే. ఒక ముసలి రైతు రుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకొని పటం ముందు నిలబడ్డాడు.

"బిడ్డా, నా నంబరు ఏడున్నదో జర చూపియ్యి."

అక్కడున్న కుర్రవాడు మర్యాదస్తుడే. సర్వే నంబరు అడిగి, కాసేపు వెతికి, ఒక చోట వేలు పెట్టాడు. వేలి కొస కింద ముప్పై ఎకరాలు మాయమయ్యాయి. ముసలాయనది రెండెకరాల పది గుంటలు. ఆ పటం మీద అది కందిగింజంత.

"గీడనే ఉంటది తాతా."

"వేలు తీస్తెనే గద బిడ్డా కనవడేది."

కుర్రవాడు వేలు తీశాడు. కింద పచ్చరంగు. ముసలాయన ముఖం విప్పారింది. "పచ్చగున్నదంటే పొలమేనా?"

"కాదు తాతా. రిక్రియేషన్ జోన్."

"అంటే?"

"అంటే... పార్కులు, ఆటస్థలాలు, గట్ల."

"ఎవలు ఆడుకుంటరు?"

కుర్రవాడి దగ్గర జవాబు లేదు. "మరి నా బాయి? మోటరు? నిరుడే పైపులేసిన" అని అడిగాడు ముసలాయన. "అవి పటంల రావు తాతా" అన్నాడు కుర్రవాడు. ముసలాయన పటాన్ని ఇంకాసేపు చూసి, బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చొని బీడీ ముట్టించాడు. ఆయన జీవితంలో అదొక్కటే రిక్రియేషన్ అనుకుంటాను.

ఇలాంటి మెట్లు దిగిన రైతులందరూ ఊరికే ఇంటికి పోలేదు. 2023 జనవరిలో జగిత్యాల చుట్టూ నర్సింగాపూర్, తిమ్మాపూర్, మోతె వంటి ఊళ్ళ రైతులు రోడ్డెక్కారు. పట్టణం ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పంట భూములను రకరకాల జోన్లలో కలిపారన్నది వాళ్ళ గోడు. ధర్నాలు, రాస్తారోకోలు, బంద్ అయ్యాయి. సిరిసిల్లకు ఇంకో పక్కన ఉన్న కామారెడ్డిలో అదే నెల అంతకన్నా పెద్ద మంట లేచింది. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు, జనం కలెక్టరేటును ముట్టడించారు, వ్యవహారం హైకోర్టుకు ఎక్కింది. చివరికి జనవరి 20 నాటికి రెండు మున్సిపల్ కౌన్సిళ్ళూ ముసాయిదాను రద్దు చేస్తున్నట్టు తీర్మానాలు చేశాయి. అంటే పొరుగు పట్టణాలు ఉమ్మడిగా ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భం మన దగ్గర ఒకటి ఉన్నట్టే. అది ప్రణాళిక వేయడంలో కాదు, చింపేయడంలో.

ఆ రోజుల్లో పెద్దలు చెప్పిన ఓదార్పు మాట మరిచిపోలేనిది: 'ఇది ముసాయిదా మాత్రమే, కంగారు పడకండి.' ముసాయిదా అట! మీ అమ్మాయి పెళ్ళి ఫలానా వాడితో అని ఊరంతా శుభలేఖలు పంచి, మీరు లబోదిబోమంటే, 'ఇది ముసాయిదా శుభలేఖే, అభ్యంతరాలుంటే 60 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వండి' అన్నట్టుంది. పటం మీద రంగు పడిన రోజే ఆ భూమికి బేరం ఆగిపోతుంది. బిడ్డ పెళ్ళికి ఎకరం అమ్ముదామనుకున్నవాడికి కొనేవాడు దొరకడు. దొరికినా, 'రిక్రియేషన్‌ల ఉన్నదట గద' అని సగం ధర అడుగుతాడు. ముసాయిదా కాగితం మీద తాత్కాలికం, రైతు గుండె మీద శాశ్వతం. కామారెడ్డి జనం ఆ ఏడాది నవంబరు 30న ఓట్లు వేసి పదవిలో ఉన్న ముఖ్యమంత్రినీ, వారం రోజుల్లో ముఖ్యమంత్రి కాబోతున్నవాడినీ ఒకే దెబ్బకు ఓడించారు. అందులో మాస్టర్ ప్లాన్ వాటా ఎంతో తూచి చెప్పలేం గానీ, అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇమ్మన్నారు కదా, జనం మీట నొక్కి ఇచ్చారు.

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. 'అభివృద్ధి చెందని భూమి' అన్నది అబద్ధం. చిన్నది కాదు, సర్కారు ఖర్చుతో పెంచిన అబద్ధం. 1963లో జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు దగ్గర శంకుస్థాపన చేశాడు. శ్రీరాంసాగర్ అయింది. కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల దిక్కుగా పారింది. ఖుష్కి తరి అయింది. ఆ పక్కనుంచే వరద కాలువ తవ్వారు, అది సిరిసిల్ల జిల్లా మధ్యమానేరు దాకా పోతుంది. తరాల తరబడి ప్రజల డబ్బు పోసి, రాయి పగలగొట్టి, తూములు కట్టి, పిల్లకాలువలు తీసి, ఆ నేలను అభివృద్ధి చేసింది ప్రభుత్వం. ఆ తరువాత అదే ప్రభుత్వం ఇంకో శాఖ తలుపు తెరుచుకొని బయటికి వచ్చి, చేతులు నడుముకు పెట్టుకొని చూసి, 'అయ్యో, అభివృద్ధి చెందని భూమి!' అని నిట్టూర్చింది. నీటిపారుదల శాఖకూ పురపాలక శాఖకూ మాటలు లేవనుకోవాలి. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. మూడు పట్టణాలను ఉమ్మడిగా కూర్చోబెట్టే ముందు రెండు శాఖలను ఉమ్మడిగా కూర్చోబెట్టండి మహాప్రభో.

దీనికి తిరగేసిన బొమ్మ కావాలంటే కోరుట్ల నియోజకవర్గంలోనే ముత్యంపేటకు రండి. అక్కడ నిజాం దక్కన్ షుగర్స్ వారి చక్కెర ఫ్యాక్టరీ ఉంది. 2015 డిసెంబరులో బోధన్, మంభోజిపల్లి ఫ్యాక్టరీలతో పాటు దానికీ తాళం పడింది. చెరుకు బండ్లు బారులు తీరిన దారి బోసిపోయింది. అయినా పటం గీసేవాడు దానికి ఏ రంగు వేస్తాడు? ఇండస్ట్రియల్. అంటే అభివృద్ధి చెందిన భూమి. చిమ్నీలో పొగ లేకపోయినా, కూలికి పని లేకపోయినా, గోడ ఉంది కనుక అభివృద్ధే. పక్కన ఏడాదికి రెండు పంటలు తీసే పొలానికి గోడ లేదు కనుక వెనకబాటే. ఈ శాస్త్రం ప్రకారం మనిషి బతికున్నాడా లేడా అన్నది నాడి పట్టి చూడనక్కర్లేదు, సమాధి కట్టారో లేదో చూస్తే చాలు.

సరే, పొలాలు వదిలేద్దాం. నిజంగానే ఎవరూ దున్నని కంచెలు, గుట్టలు, బీళ్ళు ఉన్నాయి కదా, అవైనా ఖాళీ అని ఒప్పుకోవచ్చు కదా అంటారు. ఒప్పుకుందామనే అనుకున్నాను. కానీ కోరుట్ల అరుగుల మీద చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చేసే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ఆ చాటలో తునికాకు ఏ ఇండస్ట్రియల్ జోన్‌లో మొలిచింది? బతుకమ్మ గుర్తొచ్చింది. 2017 నుంచి కొన్నేళ్ళు సర్కారు ఏటా కోటికి దగ్గరగా బతుకమ్మ చీరలు నేయించింది ఎక్కువగా సిరిసిల్ల సాంచాల మీదే. చీర సిరిసిల్లలో నేస్తారు సరే, పువ్వు ఎక్కడ పూస్తుంది? తంగేడు, గునుగు పూసేది పడావులో, బీడులో, కంచె అంచున. తంగేడు నాటిన రెసిడెన్షియల్ జోన్ ఒక్కటైనా చూపించండి.

ఇంకా లోతుకు పోదాం. తెలంగాణ వచ్చాక రాష్ట్ర చిహ్నాలు ప్రకటించుకున్నాం. పువ్వు తంగేడు, చెట్టు జమ్మి, పక్షి పాలపిట్ట, జంతువు జింక. నాలుగింటినీ వెతుక్కుంటూ పోతే నాలుగింటి చిరునామా ఒకటే తేలుతుంది: అభివృద్ధి చెందని భూమి. గుర్తులేమో బీళ్ళ నుంచి తెచ్చుకున్నాం, బీళ్ళను మాత్రం అమ్మకానికి పెట్టాం. 2025లో హైదరాబాదులో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు జింకలూ నెమళ్ళూ కనబడ్డాయని దేశమంతా ఆశ్చర్యపోయింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. ఆశ్చర్యం దేనికి? ఆ జాగా పేరులోనే కంచ ఉంది. చదువు వచ్చినవాళ్ళు పేరు చదవలేదు, అంతే.

జగిత్యాల, సిరిసిల్ల పేర్లను ఒకే కాగితం మీద ప్రభుత్వం ఇదివరకు రాయలేదనుకుంటే పొరపాటు. రాసింది, 1978లో. ఆ సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఊరూరా దొరలు ఆక్రమించుకున్న బంజర్లు వదలాలని, వెట్టి పోవాలని కూలీలు కదిలారు. ఆనాడు 'ఈ ఖాళీ భూమి ఎవరిది?' అని అడిగింది కింద ఉన్నవాడు. ప్రభుత్వం ఆ ప్రశ్నకు జవాబుగా అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. చూశారా, రెండు పొరుగు తాలూకాలకు ఉమ్మడి ప్రణాళిక! అదే 1978లో కోస్తాలో విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి నాలుగింటినీ కలిపి ఒక పట్టణాభివృద్ధి సంస్థ పెట్టారు. ప్రభుత్వం ఒకటే, సంవత్సరం ఒకటే. అక్కడి పొరుగు ఊళ్ళను కలిపితే అభివృద్ధి సంస్థ పుట్టింది, ఇక్కడి పొరుగు ఊళ్ళను కలిపితే పోలీసు క్యాంపు పుట్టింది. నలభై అయిదేళ్ళు దాటాక ఇప్పుడు ప్రభుత్వమే అడుగుతున్నది, 'ఈ ఖాళీ భూమి ఎవరిది?' అని. ప్రశ్న మారలేదు. అడిగేవాడు మారాడు. ఇప్పుడు అడిగితే మాత్రం కల్లోలం కాదు, విజన్ డాక్యుమెంటు.

భూమి చుట్టూ ఉమ్మడి సంస్థలు కట్టిన చోట్ల ఏం జరిగిందో కూడా చూడాలి. వరంగల్ చుట్టూ కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ 2022లో బాహ్యవలయ రహదారి పక్కన ఇరవై ఒక్క వేల ఎకరాలకు పైగా భూసమీకరణ చేస్తామంది. ఊళ్ళకు ఊళ్ళు తిరగబడితే మే నెలలో వెనక్కి తీసుకుంది. ఇరవై ఒక్క వేల ఎకరాలు! రాసేటప్పుడు చెయ్యి నొప్పి పుట్టలేదేమో గానీ, కొట్టేసేటప్పుడు మాత్రం ఒక్క గీత సరిపోయింది. కోస్తాలో ఆ నాలుగు ఊళ్ళ సంస్థ 2014లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థగా రూపం మార్చుకుంది. 2015లో అమరావతి కోసం రైతులు ముప్పై వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. ప్రభుత్వం మారింది, రాజధానిని మూడు ముక్కలు చేస్తామన్నారు, ఇచ్చిన రైతు ఏళ్ళ తరబడి శిబిరాల్లో కూర్చున్నాడు. పంట వెయ్యని పొలం, ఇల్లు లేవని ప్లాటు. ఆ ఏళ్ళలో అది ఏ రంగు భూమి? పహాణీ భాషలో దానికి పేరు ఉంది: పడావు. సర్కారు పెట్టిన పడావు.

సిరిసిల్లకు ఈ పాఠం నీళ్ళలో రాసి ఉంది. మధ్యమానేరు కట్టినప్పుడు చీర్లవంచ, అనుపురం, రుద్రవరం వంటి ఊళ్ళు మునిగాయి. కాలనీలు కట్టించారు. అక్కడి పెద్దమనుషులను మీ ఊరేదంటే మునిగిన ఊరు చూపిస్తారు, వేలు నీళ్ళ మీద పెట్టి. రిజర్వాయరు నీళ్ళు కింది ప్రాంతాలకు కావాలి, నిజమే. కానీ త్యాగం చేసినవాడికి పటంలో మిగిలింది నీలిరంగు. ఎవరి భూమి అయినా పటం మీద రంగే, రంగు మారితే మనిషి మారాల్సిందే అన్నది ఆ ఊళ్ళు కొత్త తరానికి ఇచ్చిన చదువు. అందుకే ఇప్పుడు పచ్చ కాగితం చూసినా జనం ఉలిక్కిపడుతున్నారు.

'అయితే ప్రణాళికే వద్దంటావా? ఊరు ఇష్టం వచ్చినట్టు పెరగాలా?' అని ప్రణాళిక పండితులు కన్నెర్ర చేస్తారు. అయ్యా, వద్దని ఎవడన్నాడు? ప్రణాళిక లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. తెల్లవారేసరికి పొలంలో ఎర్రతెల్ల రంగు రాళ్ళు మొలుస్తాయి, కమాను లేస్తుంది, 'ఫలానా ఎన్‌క్లేవ్' అని బోర్డు వెలుస్తుంది. 2020లో అక్రమ లేఅవుట్లను క్రమబద్ధీకరిస్తామంటే రాష్ట్రంలో పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. అంటే పాతిక లక్షల సార్లు ప్రణాళిక నిద్రపోయింది. నా ఫిర్యాదు అదే. వెంచరు వేసేవాడి దగ్గర కళ్ళు మూసుకొని, దున్నేవాడి దగ్గర మాత్రం కళ్ళు తెరిచే ప్రణాళిక ఏం ప్రణాళిక? మన దగ్గర మాస్టర్ ప్లాన్ ఊరికి ముందు నడవదు, వెంచరు వెనక నడుస్తుంది. నూరడుగుల రోడ్డు పటంలో సరిగ్గా ఎక్కడ వంకర తిరుగుతుందో రైతుకు గోడ మీద చూస్తే తెలుస్తుంది, కొందరికి మాత్రం గోడకు అంటించక ముందే కలలో కనబడుతుంది. కలలు కనమని అబ్దుల్ కలాం చెప్పింది వీళ్ళకేనేమో.

మరో మాట. ఈ పటాలన్నీ ఇరవై ఏళ్ళ భవిష్యత్తుకు. ఆ రోజుకు జనాభా ఎంత ఉంటుంది, ఎన్ని ఇళ్ళు కావాలి, ఎన్ని ఎకరాలు కావాలి అని లెక్కలు వేస్తారు. దేనిని పట్టుకొని? 2011 జనగణనను పట్టుకొని. ఆ తర్వాత దేశంలో లెక్క జరగలేదు, ఇప్పుడు 2027కు ముహూర్తం పెట్టారు. అంటే పదిహేనేళ్ళ కింద తీసిన పిల్లాడి కొలతలతో, ఇరవై ఏళ్ళ తర్వాత తొడుక్కునే షేర్వాణీ కుట్టిస్తున్నారు. సిరిసిల్లలో ఏ దర్జీని అడిగినా చెబుతాడు, అలా కుట్టకూడదని.

నిజానికి పొరుగు ఊళ్ళు కూర్చొని మాట్లాడుకోవడానికి కొత్త సంస్థ అక్కర్లేదు. ముప్పై ఏళ్ళ పైబడి రాజ్యాంగంలోనే బల్ల వేసి ఉంది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ సవరణ జిల్లా ప్రణాళికా కమిటీ పెట్టమంది. సభ్యుల్లో అయిదింట నాలుగు వంతులు పంచాయతీల, మున్సిపాలిటీల నుంచి ఎన్నికైనవారే ఉండాలంది. ఊళ్ళకూ పట్టణాలకూ ఉమ్మడి విషయాలైన స్థల ప్రణాళిక, నీళ్ళు, ఇతర వనరుల పంపకం చూసుకోమంది. పట్టణం తరఫువాడు, పల్లె తరఫువాడు ఒకే బల్ల దగ్గర, చట్టప్రకారం. మీ జిల్లాలో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చున్నదో, మీ ఊరి బంచరాయి గురించి ఏం మాట్లాడిందో ఒకసారి అడిగి చూడండి. బల్ల ఉంది, దుమ్ము ఉంది, కుర్చీల మీద మాత్రం ఎవరూ లేరు. ఈ రాష్ట్రంలో నిజమైన ఖాళీ జాగా ఏదైనా ఉందంటే అదే.

పుణె పక్కన మగర్‌పట్టాలో రైతులే కలిసి తమ భూములు కలుపుకొని, తామే కంపెనీ పెట్టుకొని, తామే పట్టణం కట్టుకున్నారు. నగరం వాళ్ళ పొలాల మీదికి వస్తున్నదని తెలిసి, ఎదురుపోయి పీటవేసి కూర్చోబెట్టారు. అందరికీ కుదిరేది కాకపోవచ్చు. కానీ ఉమ్మడి అన్న మాటకు అర్థం అది: భూమి ఎవరిదో వాడు బల్లకు ఇవతల కాదు, బల్ల దగ్గర ఉండడం. మన దగ్గర ఉమ్మడి అంటే అత్త సొమ్మును అల్లుళ్ళు ముగ్గురూ కలిసి దానం చేయడం.

విమర్శించడం తేలిక, నువ్వేం చేస్తావో చెప్పు అంటారు కనుక, జగిత్యాల కోరుట్ల సిరిసిల్ల ఉమ్మడి భూవినియోగానికి నా ముసాయిదా కూడా సమర్పించుకుంటున్నాను. ఒకటి, రంగులు వేయడం పొలాలతో కాకుండా ఆఫీసులతో మొదలుపెట్టాలి. ఫైలు మూడేళ్ళు కదలని గదిని పడావుగా, అధికారి కుర్చీలో లేని గదిని గైరాన్‌గా, వాన పడితే ఈత కొట్టే కార్యాలయ ప్రాంగణాన్ని శిఖంగా నమోదు చేయాలి. రెండు, ముత్యంపేట ఫ్యాక్టరీ గేటు మీద 'అభివృద్ధి చెందిన భూమి' అని బోర్డు పెట్టి, పటం గీసేవాళ్ళతో దాని ముందు ఫోటో దిగించాలి. మూడు, ఏ సర్వే నంబరుకు రంగు వేసినా, వేసినవాడు ఆ నంబరులో వైశాఖంలో ఒక మధ్యాహ్నం చెప్పులు లేకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచినట్టు పంచనామా జతచేయాలి. నాలుగు, రిక్రియేషన్ జోన్ తప్పనిసరి అయితే, దాన్ని రంగు వేసినవారి సొంత వెంచర్లలో పెట్టాలి. వాళ్ళకే ఆడుకునే తీరిక ఎక్కువ. అయిదు, ఉమ్మడి సమావేశం ఏ ఎయిర్ కండిషన్ హాల్లోనూ కాదు, మూడు పట్టణాల నడిమధ్యన ఏ కథలాపూర్ బంచరాయిలోనో మోదుగ చెట్టు కింద పెట్టాలి. అక్కడ గొర్లకాపరి వచ్చి 'జరుగుండ్రి సార్, మంద పోవాలె' అన్నప్పుడు ఖాళీ జాగా అంటే ఏమిటో సభ్యులకు ఏకగ్రీవంగా బోధపడుతుంది.

నా ముసాయిదా మీద అభ్యంతరాలుంటే 60 రోజుల్లో తెలపవచ్చు. కంగారు పడకండి, ఇది ముసాయిదా మాత్రమే.

గోడ దగ్గరి ముసలాయన మాట మాత్రం ముసాయిదా కాదు. పటం పెద్దది కావాలనో, రంగు మార్చాలనో ఆయన అడగలేదు. వేలు తియ్యమన్నాడు. జగిత్యాల వేలు, కోరుట్ల వేలు, సిరిసిల్ల వేలు, కన్సల్టెంటు వేలు, వెంచరు వేలు అన్నీ కలిపి పటం మీద పెడితే దాన్ని ఉమ్మడి ప్రణాళిక అనరు. పిడికిలి అంటారు. ముందు వేళ్ళు తీయండి. కింద కందిగింజంత జాగాలో రెండెకరాల పది గుంటలు, ఒక బాయి, నిరుడు వేసిన పైపులు కనబడతాయి. అవి కనబడ్డాక రంగు పెన్సిలు చెక్కుకుందాం.